సెల్లులో కరెంటు ఉండదంటే నమ్ముతారా?

టీవీ రిమోటు పనిచేయకపోతే మనందరం చేసే మొదటి పని ఏమిటి? అరచేతి మీద రెండు దెబ్బలు వేయడం. అప్పటికీ మాట వినకపోతే వెనక మూత తీసి, లోపలున్న సెల్లుల్ని బొటనవేలితో గిరగిరా తిప్పడం. ఇంకా మొరాయిస్తే వాటిని బయటికి తీసి కిటికీలో ఎండకు పెట్టడం. చిత్రం ఏమిటంటే ఈ మూడింటికీ ఎంతోకొంత ఫలితం కనిపిస్తుంది. ఎందుకు కనిపిస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. పిల్లలడిగితే 'సెల్లులో కరెంటు అయిపోవచ్చిందిరా' అనేసి ఊరుకుంటాం.

నిజానికి సెల్లులో కరెంటు ఉండదు. బిందెలో నీళ్ళలాగా, డబ్బాలో పంచదారలాగా అక్కడ నిలవ ఉండే వస్తువు కాదది. కాబట్టి అయిపోవడమన్న మాటే లేదు. అయిపోయేది వేరే ఉంది. అదేమిటో ఒక్కసారి తెలిసిందంటే రిమోటు సంగతే కాదు, ఆవకాయ గిన్నె మీద కప్పిన అల్యూమినియం రేకుకి చిల్లులెందుకు పడతాయో, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోసేటప్పుడు మెడలో గొలుసు ఎందుకు తీసి పెట్టాలో, పసివాడు బిళ్ళ సెల్లు మింగితే డాక్టర్లు ఎందుకంత పరుగులు పెడతారో కూడా అర్థమవుతుంది. 'సైన్సు మనకెందుకులే' అని పేజీ తిప్పేయకండి. చివరి సంగతి ప్రాణాలకు సంబంధించింది.

కుట్టుమిషను ముందు కూర్చుందాం

కాలితో తొక్కే కుట్టుమిషను మీ ఇంట్లో లేకపోయినా అమ్మగారింట్లోనో, పక్కింట్లోనో చూసే ఉంటారు. కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, రెండింటినీ కలుపుతూ తోలు బెల్టు. కాలితో తొక్కితే కింది చక్రం తిరుగుతుంది. బెల్టు పైకి పోయి, చిన్న చక్రాన్ని తిప్పి, మళ్ళీ కిందికి వస్తుంది. సూది టకటకా ఆడుతుంది.

టార్చిలైటులో జరిగేదీ ఇంతే. తీగల్లో, బల్బులో, స్విచ్చి రేకులో ఎలక్ట్రాన్లనే అతి సూక్ష్మమైన కణాలు ముందునుంచే నిండి ఉంటాయి. వాటిని సెల్లు తెచ్చి పోయదు. అవే మన బెల్టు. సెల్లు తొక్కే కాలు. బల్బు సూది.

ఒక జాకెట్టు కుట్టడం పూర్తయ్యాక బెల్టు ఏమైనా అరంగుళం తగ్గిందా? లేదు కదా! కరెంటూ అంతే. బల్బులోకి ఎంత వెళ్ళిందో అటువైపునుంచి అంతా తిరిగి వస్తుంది. బల్బు కరెంటును తినేయదు. తోసే బలాన్ని వాడుకుని వెలుగుగా, వేడిగా మారుస్తుంది, అంతే. మరి బెల్టు ఒక్కచోట తెగితే? మిషను మొత్తం ఆగిపోతుంది. తెగినచోటి దాకా నడిచి అక్కడ ఆగడం ఉండదు. స్విచ్చి ఆపడమంటే ఆ బెల్టును ఒకచోట తెంపడమే. పోయే దారి, తిరిగి వచ్చే దారి రెండూ కలిసి ఒక చుట్టు పూర్తయితేనే పని జరుగుతుంది. ఆ చుట్టుకే సర్క్యూట్ అని పేరు.

ఇంకో తమాషా. తీగలో ఎలక్ట్రాన్లు నిజానికి నత్తకంటే నెమ్మది. టార్చిలైటు తీగలో అవి సెకనుకి ఒక మిల్లీమీటరు కూడా ముందుకు జరగవు. మరి స్విచ్చి వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది? కాలు ఆడించగానే పై చక్రం ఎలా తిరిగిందో అలాగే! కిందున్న బెల్టు ముక్క పైదాకా చేరేవరకు సూది ఆగదు కదా. బెల్టంతా ఒక్కసారే కదులుతుంది.

ఇందులో అలిసిపోయేది కాలు ఒక్కటే.

లోపల ఏముంది?

పాత సెల్లు పగలగొట్టి, మధ్యలోని నల్లటి పుల్లతో గోడలమీద గీతలు గీసిన బాల్యం చాలామందికి ఉంది. ఇప్పుడు ఆ పని పిల్లలచేత చేయించకండి గానీ, లోపలి సరంజామా గుర్తుచేసుకుందాం. ఆ పుల్ల కార్బన్. దాని చుట్టూ ఉన్న నల్లటి పొడి ముఖ్యంగా మాంగనీస్ డయాక్సైడ్. బయటి డబ్బా జింకు, అంటే తుత్తునాగం. ఈ రెంటికీ మధ్య తడి ముద్ద. మామూలు సెల్లుల్లో ఆ ముద్దలో చాలాకాలం వాడింది నవాసారం. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు తగరంతోబాటు చల్లే పొడి ఉందే, అదే! 'డ్రై సెల్' అన్న పేరేగానీ లోపల పూర్తిగా ఎండిపోతే అది పనికిరాదు.

జింకు ఆ తడిలో కొద్దికొద్దిగా కరుగుతుంటుంది. కరిగే ప్రతి జింకు పరమాణువూ రెండు ఎలక్ట్రాన్లను డబ్బా గోడలోనే వదిలిపెట్టి పోతుంది. అక్కడ అవి గుంపుగా చేరతాయి. అది మైనస్ కొస. అవతలి నల్లపొడికేమో ఎలక్ట్రాన్లంటే ఆశ. అది ప్లస్ కొస. వెళ్దామంటే మధ్యనున్న తడి ముద్ద వాటిని సాగనివ్వదు. పక్కపక్క గదుల మధ్య తలుపు మూసేసి, వీధిలోంచి చుట్టు తిరిగి రమ్మన్నట్టన్నమాట. ఆ వీధే తీగ. ఆ దారిలో మనం బల్బు పెట్టి పని చేయించుకుంటాం. బయట దారి లేకపోతే లోపల జింకు కరగడమూ ఇంచుమించు ఆగిపోతుంది. అంగట్లో పెట్టెలో ఉన్న సెల్లు నెలల తరబడి పాడవకుండా ఉండేది అందుకే.

అయిపోయేదేమిటో ఇప్పుడు తెలిసిందిగా? జింకూ, నల్లపొడీ. కరెంటు కాదు.

పిల్లల పుస్తకంలో కరెంటు ప్లస్‌నుంచి మైనస్‌కి పోతున్నట్టు బాణాలు గీసి ఉంటాయి, కంగారు పడకండి. ప్లస్, మైనస్ అని పేర్లు పెట్టుకుంది 18వ శతాబ్దంలో. ఎలక్ట్రాన్ సంగతి బయటపడింది 1897లో. అది వెళ్ళే దిక్కు తాము అనుకున్నదానికి ఎదురని అప్పుడు తెలిసింది. అప్పటికే పుస్తకాలన్నీ అచ్చయిపోయాయి! ఆ ఆనవాయితీనే ఇప్పటికీ పాటిస్తున్నారు. పెళ్ళిళ్ళలో మనకు లేవా ఇలాంటివి?

తోసే బలానికి కొలత వోల్టు. మామూలు సెల్లు తోపు ఒకటిన్నర వోల్టు. ఒకదాని వెనక ఒకటి పెడితే రెండూ కలిసి మూడు. ఒకటి తిరగేసి పెడితే ఎదురెదురుగా తోసుకుని ఏ పనీ జరగదు.

ముసలి సెల్లుకీ ఒక పని ఉంది

ఇక రిమోటు దెబ్బల సంగతి. సెల్లు కొసకీ, రిమోటులోని స్ప్రింగుకీ మధ్య కొన్నాళ్ళకు సన్నని తుప్పు పొర పడుతుంది. అంటే బెల్టు అక్కడ తెగినట్టే. దెబ్బ కొట్టినా, సెల్లు తిప్పినా ఆ పొర గీసుకుపోయి చుట్టు మళ్ళీ కలుస్తుంది. దెబ్బలకంటే పొడిగుడ్డతో రెండు కొసలూ గట్టిగా రుద్దడం మేలు. ఎండకు పెడితే లోపలి తడిలో చర్య కాస్త చురుగ్గా సాగుతుంది. పైగా కాసేపు విశ్రాంతి దొరుకుతుంది కాబట్టి ఒకటి రెండు రోజులు నడుస్తుంది. కానీ జింకు డబ్బా అప్పటికే కరిగి పల్చబడి ఉంటుంది. వేడికి కారిందంటే రిమోటే పోతుంది. ఆ పొదుపు వద్దు.

అంతకంటే మంచి పొదుపు ఇంకోటుంది. టార్చిలైటులో వెలగని సెల్లును పారేయకుండా గోడగడియారంలో వేసి చూడండి. చాలాసార్లు నెలల తరబడి నడుస్తుంది. వాడినకొద్దీ సెల్లు లోపలి అడ్డంకి పెరిగి, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు నడిపించే శక్తి పోతుంది. టార్చి బల్బుకి ఎక్కువ కావాలి. గడియారానికి అందులో వందోవంతు కూడా అక్కర్లేదు. మామ్మగారు బిందె ఎత్తలేకపోవచ్చు, ఉయ్యాల ఊపగలరు కదా!

కొత్త సెల్లు, పాత సెల్లు కలిపి మాత్రం వేయకండి. కొత్తది బలంగా తోస్తుంటే, సత్తువ అయిపోయిన పాతదాని గుండా కరెంటు బలవంతాన పోతుంది. అది కారిపోయి రెండింటినీ చెడగొడుతుంది.

ఆవకాయ గిన్నె, కప్ప కాలు

సెల్లుకి కావలసింది మూడే: రెండు రకాల లోహాలు, మధ్య ఉప్పో పులుపో ఉన్న తడి, చుట్టు పూర్తికావడం. ఈ మూడూ మన వంటింట్లో మనకు తెలియకుండానే కలుస్తుంటాయి. స్టీలు గిన్నెలో ఆవకాయో, పులిహోరో పెట్టి పైన అల్యూమినియం రేకు గట్టిగా అదిమి చూడండి. మర్నాటికి పదార్థం తగిలినచోట రేకుకు సన్నని చిల్లులు పడి ఉండొచ్చు. స్టీలొక లోహం, రేకొక లోహం, మధ్య ఉప్పూ పులుపూ, అంచు దగ్గర రేకు గిన్నెకు ఆనుకుని చుట్టు పూర్తి. సెల్లులో జింకు కరిగినట్టే ఇక్కడ అల్యూమినియం కరిగి కూరలోకి దిగింది. జాడీలో ఈ బెడద లేదు. అందులో లోహమే లేదు మరి.

అసలు బ్యాటరీ పుట్టిందే ఇలాంటి సంఘటనతో. ఇటలీలో బొలోన్యా నగరంలో లుయిజీ గాల్వాని అనే శరీరశాస్త్ర ఆచార్యుడు కోసిన కప్ప కాళ్ళతో ప్రయోగాలు చేసేవాడు. రెండు వేరువేరు లోహాలు తగిలితే చచ్చిన కప్ప కాలు ఎగిరిపడటం చూసి, ప్రాణుల శరీరంలోనే విద్యుత్తు ఉందనుకున్నాడు. 1791లో పుస్తకం వేశాడు. ఆయన ప్రయోగశాలలో భార్య లూసియా గలియాత్సి కూడా పనిచేసింది. పుస్తకం వచ్చేనాటికి ఆమె బతికి లేదు. పేరు ఆయనకే మిగిలింది. ఇది కొత్త కథ కాదులెండి.

పావియాలో ఉండే అలెస్సాండ్రో వోల్టా మాత్రం 'కప్పలో ఏమీ లేదు, మహిమంతా ఆ రెండు లోహాలదే' అని వాదించాడు. జింకు బిళ్ళ, వెండి బిళ్ళ, మధ్యలో ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డముక్క, ఇలా దొంతరగా పేర్చి 1800లో ప్రపంచానికి మొదటి బ్యాటరీ ఇచ్చాడు. వోల్టు ఆయన పేరే.

మన పేజీ పాఠకులకు మరీ ఇష్టమయ్యే సంగతి ఆ తర్వాతది. లండన్‌లో జేన్ మార్సెట్ అనే గృహిణి శాస్త్రవేత్తల ఉపన్యాసాలు విని, ఆడవాళ్ళకు అర్థమయ్యేలా రసాయనశాస్త్రాన్ని ఒక పంతులమ్మా ఇద్దరు అమ్మాయిల సంభాషణగా రాసింది. 1806లో అచ్చయిన ఆ పుస్తకం మీద రచయిత్రి పేరే లేదు! దాన్ని ఒక పుస్తకాల బైండింగ్ షాపులో పనిచేసే పేదింటి కుర్రాడు చదివాడు. 1812లో ఆ కుర్రాడు ఏడు రాగి అర్ధపెన్నీ నాణేలు, ఏడు జింకు బిళ్ళలు, ఉప్పునీళ్ళలో తడిపిన కాగితం ముక్కలు పేర్చి సొంతంగా బ్యాటరీ చేసుకున్నాడు. అతని పేరు మైకేల్ ఫారడే. ఇవాళ మన ఇళ్ళకు కరెంటు పంపే జనరేటర్లు ఆయన 1831లో కనిపెట్టిన సూత్రం మీదే తిరుగుతున్నాయి. తనకు దారి చూపింది మార్సెట్ అమ్మగారి పుస్తకమేనని పెద్దయ్యాక కూడా ఆయన మరిచిపోలేదు.

అలాగే స్కూల్లో సైన్సు ఫెయిరంటూ మీ అమ్మాయి నిమ్మకాయలడిగితే విసుక్కోకండి. ఒక్కో నిమ్మకాయకి ఒక రాగి తీగ ముక్క, ఒక జింకు పూత మేకు, రెండూ లోపల ఒకదానికొకటి తగలకుండా గుచ్చాలి. ఒక కాయ మేకును పక్క కాయ రాగికి తీగతో కలపాలి. ఒక కాయ తోపు వోల్టుకి కాస్త తక్కువ. నాలుగు కలిపితే చిన్న ఎర్ర ఎల్‌ఇడి మసగ్గా వెలుగుతుంది. దాని పొడుగు కాలు రాగి వైపుండాలి సుమా. టార్చి బల్బు పెట్టి వెలగలేదని నిమ్మకాయల్ని తిట్టుకోవద్దు. కాయ ఇచ్చే కరెంటు దానికి ఏ మూలకూ చాలదు. ఎల్‌ఇడికి శక్తి వచ్చేదీ నిమ్మకాయలోంచి కాదు, కరిగే జింకులోంచి. అందుకే ఆ కాయలతో తర్వాత పులిహోర కలపకండి.

పన్నెండు వోల్టులే కదా అని...

ఇన్వర్టర్ బ్యాటరీ సూత్రమూ ఇదే. అందులో సీసపు పలకలు, మధ్య గంధకామ్లం. తోపు 12 వోల్టులే, ముట్టుకుంటే షాక్ కొట్టదు. పొడి చర్మం గుండా కరెంటును నడిపించడానికి ఆ తోపు చాలదు. అందుకే ధీమాగా దగ్గరికి వెళతాం. కానీ దారి సులువుగా దొరికితే మాత్రం ఆ బ్యాటరీ వందల ఆంపియర్లు పంపగలదు. ఇంట్లో ఫ్యాను తిరగడానికి అర ఆంపియరు కూడా అక్కర్లేదు, అదీ తేడా. డిస్టిల్డ్ వాటర్ పోయడానికి వంగినప్పుడు మెడలో గొలుసు వేలాడి రెండు కొసలకీ తగిలిందో, చేతిలో స్పానరు ఒక కొసకీ గాజు ఇంకో కొసకీ ఆనిందో, బంగారం క్షణాల్లో ఎర్రగా కాలి మాంసానికి అంటుకుంటుంది. గొలుసు, గాజులు, ఉంగరాలు తీసి పెట్టాకే దాని జోలికి వెళ్ళండి. ఛార్జింగు అవుతుండగా వచ్చే హైడ్రోజన్ గ్యాసు మండుతుంది కనుక దగ్గర్లో అగరొత్తి కూడా ఉండకూడదు. హ్యాండ్‌బ్యాగులో తాళాలు, హెయిర్‌పిన్నులతోపాటు విడి సెల్లులు పడేసుకోవడమూ ఇలాంటి పనే.

బల్బు స్థానంలో గొంతు

ఇప్పుడు మొదట్లో చెప్పిన ప్రాణాల సంగతి. ఈ రోజుల్లో ఇంటినిండా గుండ్రటి బిళ్ళ సెల్లులే. కారు తాళం, చిన్న రిమోట్లు, పాడే బొమ్మలు, దీపావళికి కొనే ఎల్‌ఇడి ప్రమిదలు, బరువు తూచే మిషను, అన్నింటిలోనూ అవే. రూపాయి బిళ్ళలా మెరుస్తుంటాయి. పాకే పిల్లాడికి కనపడితే నోట్లోకే.

అది పొట్టలోకి జారిపోతే చాలాసార్లు బయటికి వచ్చేస్తుంది. అన్నవాహికలో ఇరుక్కుంటేనే ప్రమాదం. అక్కడ నాలుగువైపులా తడి. సెల్లు ప్లస్, మైనస్ రెండింటికీ ఆ తడి కండ తగిలి చుట్టు పూర్తవుతుంది. బల్బు ఉండాల్సినచోట పిల్లవాడి గొంతు! కరెంటు సాగుతుంది. మైనస్ వైపున ఆ తడినీరు విడిపోయి, కాస్టిక్ సోడాలాంటి ఘాటైన క్షారం తయారవుతుంది. అది రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చగలదు. ఆ తర్వాత రంధ్రం పడొచ్చు, పక్కనే ఉన్న శ్వాసనాళానికీ, పెద్ద రక్తనాళానికీ పాకొచ్చు. సెల్లు కారనవసరం లేదు, పగలనవసరం లేదు. 'అది అయిపోయిన సెల్లేలే' అన్న ధైర్యమూ పనికిరాదు. కారు తాళాన్ని నడపలేని మూడు వోల్టుల బిళ్ళకి గొంతు కాల్చే సత్తా ఇంకా ఉంటుంది. ఇందాకటి మామ్మగారి ఉయ్యాల లెక్కే, కాకపోతే ఇక్కడ భయంకరంగా.

ఏడవని పిల్లాడు కూడా ఉండొచ్చు. చొల్లు కారడం, అన్నం వద్దనడం, దగ్గు, వాంతి, చూస్తే జలుబులాగే ఉంటుంది. బొమ్మ మూత ఊడి సెల్లు కనిపించకపోతే మింగాడనే అనుకుని ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే పరుగెత్తండి, 108కి ఫోన్ చేయండి. రేపు చూద్దాం, విరేచనంలో పోతుందిలే అనుకోవద్దు. నోట్లో వేలు పెట్టి కక్కించవద్దు. అన్నం, అరటిపండు, పాలు ఏవీ పెట్టవద్దు. ఒక్క తేనెకు మాత్రం మినహాయింపు ఉంది. ఏడాది నిండిన పిల్లలైతే, మింగి 12 గంటలు దాటకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్లు, తేనె పట్టమని వైద్యులు చెబుతున్నారు. ఆరుసార్లకు మించకూడదు. తేనె సెల్లుకీ కండకీ మధ్య పొరలా నిలిచి క్షారం ధాటిని తగ్గిస్తుంది. ఇంట్లో తేనె లేదని వెతుక్కుంటూ ఆలస్యం చేయకండి. ఏడాదిలోపు పాపాయికి తేనె వద్దు.

ఎక్స్‌రేలో బిళ్ళ సెల్లు నాణెంలా కనపడుతుంది. అంచు దగ్గర జంట వలయం ఉంటే అది సెల్లు. 'నాణెమై ఉండొచ్చు' అని మీరు చెప్పకుండా, 'సెల్లు కనిపించడం లేదు' అనే చెప్పండి. ఆ బొమ్మను, అలాంటిదే ఇంకో సెల్లుంటే దాన్నీ వెంట తీసుకెళ్ళండి. ముక్కులోనో చెవిలోనో దూర్చుకున్నా ఇదే కంగారు. మెత్తబడుతుందని చుక్కల మందు వేశారో, తడి మీరే అందించినట్టు.

సెల్లు మార్చే పని పిల్లలు పడుకున్నాక పెట్టుకోండి. మూతకు స్క్రూ లేని బొమ్మ కొనకండి. మూత పోయి రబ్బరుబ్యాండుతో నడుస్తున్న రిమోటు బిళ్ళ సెల్లుదైతే ఇవాళే అటక ఎక్కించండి. తీసిన పాత బిళ్ళకు రెండు వైపులా కలిపి టేపు చుట్టి, ఎత్తున మూతగట్టి డబ్బాలో వేయండి. సెల్లులు తయారుచేసే, అమ్మే కంపెనీలే వాడినవాటిని వెనక్కి సేకరించాలని 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి ఆ డబ్బా నిండాక చెత్తబుట్టలో బోర్లించకండి. కొన్న షాపులోనో, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళనో అడిగి ఇచ్చేయండి.